బీట్‌రూట్ చెక్కు ఎప్పుడు తీయాలి?

బీట్‌రూట్‌ను ఉడికించే ముందే చెక్కు తీయాలా, ఉడికిన తరువాత తీయాలా? వంటింటికి చెందిన ఈ చిన్న ప్రశ్నకు ఒక వైద్యుడు సమాధానం చెప్పవలసిన అవసరమేమిటని మీకు అనిపించవచ్చు. అయితే ఈ దుంపలో మనకు పనికివచ్చే పదార్థాలలో చాలా భాగం నీటిలో కరిగిపోయేవే. ఎరుపు రంగు, చక్కెర, ఫోలేట్ అనే విటమిను, రక్తనాళాలపై ప్రభావం చూపే నైట్రేట్లు, మూత్రపిండాలలో రాళ్లకు తోడ్పడే ఆక్సలేట్లు, పొటాసియం లవణాలు, అన్నీ ఎంతో కొంత నీటిలోకి దిగిపోతాయి. వాటిని లోపల పట్టి ఉంచేది పైనున్న పలుచని తొక్క. కత్తి ఏ దశలో తగిలిందన్న దానిని బట్టి అవి మీ కంచంలోకి రావడమో, పారబోసే నీటిలోకి పోవడమో జరుగుతుంది. రసాయన శాస్త్రం పుట్టకముందే వంట చేసేవారు ఈ సంగతిని గ్రహించారు. శాస్త్రం దానికి కారణాలు చెప్పడానికి రెండు శతాబ్దాలు పట్టింది.

మొదట ఈ మొక్క పుట్టుక చూద్దాం. మధ్యధరా సముద్ర తీరంలోనూ, ఐరోపా అట్లాంటిక్ తీరంలోనూ ఉప్పుగాలికి తట్టుకొని పెరిగే సముద్రపు బీట్ అనే అడవి మొక్క దీనికి పూర్వీకురాలు. దానికి చెప్పుకోదగ్గ దుంప లేదు. ప్రాచీన గ్రీకులు, రోమనులు దీనిని ప్రధానంగా ఆకుకూరగానే పెంచుకున్నారు. వేరును మందుగా వాడేవారు. అపీషియస్ పేరుతో మనకు దక్కిన రోమన్ వంటల గ్రంథం మూడవ భాగంలో, వర్రో అనే పండితునికి ఆపాదించిన ఒక విధానం ఉంది. నల్ల బీట్ వేర్లను శుభ్రంగా రుద్ది, తేనె కలిపిన ద్రాక్షసారాయంలో గానీ, నీటిలో గానీ కొద్దిగా ఉప్పు, నూనె చేర్చి ఉడికించి, ఆ రసాన్ని తాగమన్నారు. విరేచనం సాఫీగా కావడానికి ఉపకరించే వంటకాల వరుసలో దానిని చేర్చారు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. రోమనులు వేరును వండి దాని రసాన్ని తాగారు. వేరులోని సారం నీటిలోకి దిగుతుందని వారికి తెలుసు, దిగాలనే వారు కోరుకున్నారు.

ఆకుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మన బజారులో పాలకూర పేరుతో అమ్మే రకాలలో చాలా వరకు నిజానికి ఈ బీట్ జాతికి చెందినవే. పూసా జ్యోతి, ఆల్‌గ్రీన్ వంటి రకాలను వృక్షశాస్త్రజ్ఞులు బీట్‌రూట్ ఉన్న జాతిలోనే చేర్చారు. ఐరోపా వారు స్పినాచ్ అనే మొక్క వేరు. అంటే బీట్‌రూట్ అనే మాట వినని తరాల వారు కూడా మన దేశంలో దాని సోదరి ఆకును పప్పులో వేసుకొని తిన్నారు. ఇప్పుడేమో దుంప కొని, పైనున్న లేత ఆకులను తుంచి పారవేయమని దుకాణదారుకు మనమే చెబుతున్నాం.

ఉబ్బిన ఎర్రని దుంప 16వ శతాబ్దంలో ఐరోపా మూలికా గ్రంథాలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీ వైపు నుంచి వచ్చినది కాబట్టి ఉత్తర దేశాల వారు దీనిని రోమన్ బీట్ అన్నారు. 1597లో వెలువడిన మూలికా గ్రంథంలో జాన్ జెరార్డ్ అనే ఆంగ్లేయుడు, ఆకు కంటే ఈ వేరే అందంలోనూ గుణంలోనూ మేలైనదని మెచ్చుకొని, దానితో ఏమేమి వండవచ్చునో నేర్పరులైన వంటవారికే వదిలివేశాడు.

మన దేశానికి ఎర్రదుంప ఆంగ్లేయుల తోటల ద్వారా వచ్చింది. నీలగిరి వంటి చల్లని కొండలలో బాగా పండి, ఇంగ్లీషు కూరగాయల జాబితాలో చేరింది. మన వ్యవసాయ శాఖలు నేటికీ సిఫార్సు చేసే డెట్రాయిట్ డార్క్ రెడ్ రకం పేరులోనే దాని ఊరు ఉంది. తెలుగులో దానికి సొంత పేరు స్థిరపడలేదు. ఉత్తరాదిలో పారశీకం నుంచి వచ్చిన చుకందర్ అనే మాట ఉంది గానీ, మనకు బీట్‌రూట్ బీట్‌రూట్‌గానే మిగిలింది. చాలా ఇళ్లలో తద్దినపు వంటకు క్యాబేజీ, క్యారెట్‌తో పాటు దీనిని కూడా దూరంగా ఉంచుతారు. పూర్వులు తిననిది పూర్వులకు పెట్టరాదన్న భావన కావచ్చు. పాలకూర సంగతి వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక తొక్క విషయానికి వద్దాం. 1861లో ఇంగ్లండులో ఇసబెల్లా బీటన్ ప్రచురించిన గృహనిర్వహణ గ్రంథం ఆ దేశంలో ఇంటింటి పుస్తకమైంది. అందులో బీట్‌రూట్‌ను శుభ్రంగా కడగమని, ఉడికేలోగా తొక్కను గుచ్చరాదని, చీల్చరాదని, అలా చేస్తే రంగు పోతుందని ఆమె హెచ్చరించింది. గంటల తరబడి ఉడికించమంది. నేటి దుంపలకు అంత సమయం అక్కరలేదు గానీ, హెచ్చరిక మాత్రం అక్షరాలా నిలుస్తుంది.

మీరు ఇంట్లో ఇలా చేసి చూడండి. ఒకే పరిమాణంలో ఉన్న, గట్టిగా బరువుగా ఉన్న దుంపలను ఎంచుకోండి. పిడికిలి కంటే పెద్దవైతే మెడ దగ్గర పీచు తేలి ఉంటుంది. ఆకులను దుంపకు ఆనించి కోయవద్దు, ఒక అంగుళం కాడ మిగలనివ్వండి. కింది తోకవేరును కూడా కత్తిరించకండి. మట్టి ఎండి అంటుకొని ఉంటే పది నిమిషాలు నీటిలో నానబెట్టి, చేతితో గానీ మెత్తని బ్రష్‌తో గానీ రుద్ది కడగండి. గీరవద్దు. తరువాత మునిగేటన్ని నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని మంట మీద 40 నిమిషాల నుంచి గంట వరకు ఉడికించవచ్చు. కుక్కరులో మధ్యరకం దుంపలకు నాలుగైదు విజిళ్లు చాలు. నా ఉద్దేశంలో వీటన్నిటికంటే మంచిది ఆవిరి. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు పోసి, పైన చిల్లుల పళ్లెంలో దుంపలను ఉంచితే నీరు వాటిని తాకనే తాకదు. ఉడికిందో లేదో చూడడానికి మొదటి నుంచి ఫోర్కుతో పొడుస్తూ ఉండకండి. చెంచాతో నొక్కి చూసి, చివరలో ఒకే ఒక దుంపను గుచ్చి చూస్తే సరిపోతుంది.

ఉడికిన దుంపలను వేడివేడిగా ఉండగానే చల్లని నీటిలో వేసి, రెండు నిమిషాల తరువాత బొటనవేలితో తొక్కను నెట్టండి. చేమదుంప తొక్క ఊడినట్లు జారిపోతుంది. పీలర్ అవసరం ఉండదు, కండ వృథా కాదు. దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. దుంప పైన బెరడు వంటి మృతకణాల పొర ఒకటుంటుంది. దాని కింది కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు వేడికి కరుగుతుంది. అతుకు వదిలిన తరువాత బెరడుకు పట్టు ఉండదు. తొక్క ఎక్కడైనా మొండికేస్తే ఆ దుంప ఇంకా ఉడకలేదని అర్థం.

వంటింట్లో మనం ఆపాలని చూసే ఈ కారడాన్నే ఒక పరిశ్రమ తన జీవనాధారం చేసుకుంది. 1747లో బెర్లిన్‌లో ఆండ్రియాస్ మార్గ్రాఫ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బీట్ వేర్లను ముక్కలు చేసి ఎండబెట్టి, పొడిచేసి, గాఢమైన సారాయంలో నానబెట్టి, అందులో తేలిన స్ఫటికాలను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అవి చెరకు పంచదార స్ఫటికాలే. ఎరుపు దుంప కంటే తెల్ల దుంపలో చక్కెర ఎక్కువగా ఉందని కూడా ఆయన గుర్తించాడు. ఆయన శిష్యుడు ఫ్రాంజ్ కార్ల్ అఖార్డ్ ప్రష్యా రాజు సాయంతో, ఇప్పుడు పోలండులో ఉన్న కూనెర్న్ గ్రామంలో తొలి బీట్ చక్కెర కర్మాగారం స్థాపించాడు. నెపోలియన్ ఇంగ్లండుతో వర్తకం నిషేధించిన తరువాత చెరకు చక్కెరకు కరువొచ్చింది. 1811లో ఆయన వేల హెక్టార్లలో బీట్ వేయవలసిందని ఆజ్ఞాపించాడు. అయినా తొలినాటి కర్మాగారాలు దుంపను తురిమి, పిండి రసం తీసేవి.

1864లో మొరావియాలోని జిడ్లోఖోవిట్సెలో యూలియస్ రాబర్ట్ అనే పారిశ్రామికవేత్త పిండడం మానేశాడు. దుంపలను సన్నని చీలికలుగా కోసి వేడినీటిలో నిలిపితే చాలు, చక్కెర దానంతట అదే నీటిలోకి వ్యాపిస్తుందని చూపాడు. నేటికీ బీట్ చక్కెర కర్మాగారాలు ఇంచుమించు 70 డిగ్రీల వేడినీటితో ఇదే పని చేస్తున్నాయి. కణపు పొరలు ఆ వేడికి చెడిపోయి, లోపలి రసం బయటికి దారి చేసుకుంటుంది. చెక్కు తీసి, ముక్కలు కోసి, నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసే గృహిణి తెలియకుండానే రాబర్ట్ పద్ధతిని అమలు చేస్తున్నది. తేడా ఒక్కటే, ఆయన నీటిని ఉంచుకొని ముక్కలను పశువులకు వేసేవాడు.

రంగు సంగతి మరింత ఆసక్తికరం. వంకాయ తొక్కకు, నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు బీట్‌రూట్‌లో లేవు. దీని ఎరుపు బీటలెయిన్లు అనే వేరే వర్గానికి చెందింది. అందులో ముఖ్యమైన బీటానిన్ నిర్మాణాన్ని జ్యూరిక్‌లోని రసాయన శాస్త్రజ్ఞులు 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో గానీ విప్పలేకపోయారు. ఈ రెండు వర్గాలూ ఒకే మొక్కలో కలిసి ఇంతవరకు కనిపించలేదు. బీటలెయిన్లు మీకు కొత్తవేమీ కావు. ఎర్ర తోటకూర ఉడికిన నీటిలో, కాగితపు పూలలో, చంద్రకాంత పూలలో, నాగజెముడు పండులో ఉన్నవి అవే. చిన్నప్పుడు బచ్చలి పండ్లు నలిపి సిరా చేసుకొని ఆడుకున్నవారు వాటితోనే ఆడుకున్నారు.

ఈ రంగు కొద్దిపాటి పులుపులో స్థిరంగా ఉంటుంది, క్షారంలో పసుపుగా విరిగిపోతుంది. త్వరగా ఉడుకుతుందని వంటసోడా వేస్తే కూర గోధుమరంగుకు తిరగడానికి కారణం ఇదే. ఉక్రెయిన్‌వారి బోర్ష్ చారులో పులియబెట్టిన బీట్ రసమో, మరేదైనా పులుపో చేర్చడం రుచికే కాక రంగుకూ రక్ష. 2022లో యునెస్కో రక్షణ అవసరమైన వారసత్వాల పట్టికలో చేర్చిన వంట అది. మన వంటలో నిమ్మరసం ఆ పని చేస్తుంది. అయితే ముక్క మెత్తబడిన తరువాతనే పిండండి. పులుపు తగిలిన పెక్టిన్ త్వరగా కరగదు, ముక్క గట్టిగా ఉండిపోతుంది. పులుపు మరో మేలు కూడా చేస్తుంది. బీట్‌రూట్‌కు మట్టివాసన అని చాలామంది దూరం పెడతారు. తొలకరి చినుకు పడినప్పుడు నేల నుంచి లేచే వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంది. అది తొక్కలో అధికంగా ఉంటుంది, పులుపులో విరుగుతుంది. తొక్క తీసి నిమ్మరసం పిండిన పెరుగు పచ్చడిలో ఆ వాసన అంతగా తెలియకపోవడం అందుకే.

ఎరుపు రంగు మనుషులను ఎంత భయపెట్టిందో, ఎంత భ్రమపెట్టిందో నా వృత్తి జీవితంలో చూశాను. ముందు భయం గురించి. బీట్‌రూట్ తిన్న మరునాడు మూత్రం ఎర్రగా కనబడి, రక్తమనుకొని వణికిపోతూ వచ్చేవారుంటారు. ప్రతి వందమందిలో సుమారు 10 నుంచి 14 మందికి ఇలా జరుగుతుంది. 1956లో ఆలిసన్, మెక్‌విర్టర్ అనే శాస్త్రజ్ఞులు దీనిని వంశపారంపర్య లక్షణమని నేచర్ పత్రికలో ప్రతిపాదించారు. తరువాతి పరిశీలనలలో కథ మారింది. ఇనుము లోపించినవారిలో ఇది చాలా ఎక్కువగా కనబడుతుందని, చికిత్సతో తగ్గుతుందని తేలింది. కనుక మూత్రం ఎర్రబడితే రెండు రోజులు బీట్‌రూట్ మాని చూడండి. రంగు పోకపోయినా, నొప్పి, జ్వరం, గడ్డల వంటివి ఉన్నా ఆలస్యం చేయక మూత్ర పరీక్ష చేయించుకోండి. పరీక్షకు వాడే పట్టీ రక్తానికి స్పందిస్తుంది, బీటానిన్‌కు స్పందించదు. రంగు మామూలుగా మారినా, మీకు అది తరచుగా జరుగుతూ ఉంటే రక్తహీనత పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక భ్రమ. ఎర్రగా ఉన్నది రక్తాన్ని పెంచుతుందన్న నమ్మకంతో, గర్భిణికి ఇచ్చిన ఇనుము మాత్రలను అటకెక్కించి, రోజూ ఒక గ్లాసు బీట్‌రూట్ రసం పట్టించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇది ప్రమాదకరం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాముకు లోపే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారత వైద్య పరిశోధన మండలి పక్షాన 2020లో ప్రకటించిన లెక్కలలో, పనిచేసే వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఎన్ని గ్లాసులు తాగితే ఆ లెక్క తీరుతుందో మీరే చూడండి.

బీట్‌రూట్ రక్తానికి చేసే నిజమైన మేలు రంగులేని ఫోలేట్ వల్ల కలుగుతుంది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులలో ఎర్రకణాలు పెద్దవైపోయే ఒక రకం రక్తహీనతను చూసి, ఈస్టు సారంతో దానిని నయం చేసింది. ఆ సారంలోని పదార్థం ఏమిటన్నది అప్పటికి తేలలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ స్పినాచ్ ఆకు నుంచి దానిని వేరుచేసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. 1945లో దానిని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ బృందానికి నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 100 గ్రాముల పచ్చి బీట్‌రూట్‌లో ఫోలేట్ సుమారు 100 మైక్రోగ్రాములు ఉంటుంది. అది వేడికీ నీటికీ తట్టుకోలేదు. చెక్కు తీసి, ముక్కలు కోసి ఉడికించి నీరు పారబోస్తే, కొనుక్కున్న మేలులో గణనీయమైన భాగం తూములోకి పోతుంది.

నైట్రేట్ల కథ మరీ ఇటీవలిది. 2008లో లండన్‌లోని పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు అరలీటరు బీట్‌రూట్ రసం ఇచ్చి, రెండున్నర, మూడు గంటలలో వారి పై రక్తపుపోటు సుమారు 10 పాయింట్లు తగ్గడం గమనించారు. నోటిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి, శరీరం దానినుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకుంటుంది, అది రక్తనాళాలను సడలిస్తుంది. వాలంటీర్లు తమ లాలాజలాన్ని మింగక ఉమ్మివేసినప్పుడు ఆ ఫలితం కనబడలేదు. ఇది మందుకు బదులు కాదని వేరే చెప్పనక్కరలేదు. రక్తపుపోటు మాత్రలు వాడుతున్నవారు పెద్ద గ్లాసులతో ఈ రసం మొదలుపెట్టే ముందు తమ వైద్యునితో మాట్లాడాలి.

ఇంతవరకు సారం కారిపోకుండా చూడమన్నాను. కొందరికి మాత్రం అది కారిపోవడమే మేలు. ఆక్సలేట్ రాళ్లు పదేపదే వచ్చేవారు, మూత్రపిండాలు దెబ్బతిని పొటాసియం తగ్గించుకొమ్మని వైద్యులు చెప్పినవారు ఉంటారు. వీరు బీట్‌రూట్ తినక తప్పదనుకుంటే, పచ్చిగానే చెక్కు తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని నిర్దాక్షిణ్యంగా పారబోయాలి. పారబోసే నీటితో పాటు ఆక్సలేట్‌లో, పొటాసియంలో కొంత భాగం పోతుంది. ఒకే ఇంట్లో తల్లికి ఒక విధంగా, తండ్రికి మరో విధంగా వండవలసి రావచ్చు. రసం తీసి తాగడం మాత్రం వీరికి ఎంతమాత్రం తగదు. రసంలో సారమంతా చిక్కబడి ఉంటుంది.

పచ్చి తురుము కావలసినప్పుడు చెక్కు ముందే తీయక తప్పదు. అప్పుడు కాడ ఉన్న పక్కను ఒక చేత పట్టుకొని, పీలర్‌ను పై నుంచి కిందికి పలుచగా లాగండి. రంగు తొక్క దగ్గరి పొరలలోనే చిక్కగా ఉంటుంది కాబట్టి కత్తిపీటతో మందంగా చెక్కితే నష్టం. చేతులకు ముందే కాస్త నూనె రాసుకుంటే మరక పట్టదు, పట్టినా నిమ్మచెక్కతో రుద్ది చల్లని నీటితో కడిగితే పోతుంది. తురిమిన దానిని, పిండిన రసాన్ని, ఉడికించి ఒలిచిన ముక్కలను బయట గంటల తరబడి ఉంచకండి. సూక్ష్మజీవులు పెరిగి అందులోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేస్తాయి. పెద్దలకు ఆ కొద్దిపాటి మోతాదు లెక్కలోకి రాకపోవచ్చు గానీ, పసికందుల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని అది దెబ్బతీయగలదు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఇంట్లో చేసిన బీట్‌రూట్ గుజ్జు పెట్టవద్దు. మిగిలినవారి కోసం ఉడికించినది చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు రోజులలో వాడేయండి. తొక్కతో ఉడికించి, తొక్కతోనే ఉంచి, వాడుకునే ముందు మళ్లీ కాస్త వెచ్చచేసి ఒలుచుకుంటే రంగు కూడా దిగదు.